గుంటూరు నుంచి మిర్చి కంటైనర్ పంపడం: ఏ సర్వీసు ఎలా ఉంది, ఏది మారాలి

ముందే చెప్పేస్తాను. గుంటూరు చుట్టుపక్కల ఒక చిన్న రైతు సంఘమో చిన్న వ్యాపారో సొంత పేరు మీద ఎండుమిర్చి విదేశాలకు పంపాలనుకుంటే, ఆన్‌లైన్ కాగితాల పని ఇప్పుడు బాగుంది, భయపడక్కర్లేదు. ప్రభుత్వ ల్యాబు మంచిది. పని చేసిపెడతామనే ఏజెంట్లను మాత్రం చాలా చూసి ఎంచుకోవాలి. వీటన్నిటికంటే పెద్ద ఇబ్బంది విధానంలోనే ఉంది. సరుకంతా కలిసిపోయి కంటైనర్ ఎక్కబోయే ముందు, కాయలో రసాయనాలూ బూజు విషమూ ఉన్నాయేమో చూసే పరీక్ష పెడుతున్నారు. ఆ పరీక్ష చేను దగ్గరికి, కల్లం దగ్గరికి రావాలి. అది రానంతవరకు ఎన్ని రాయితీలు ఇచ్చినా మన మిర్చికి మంచి ధర ఇచ్చే దేశాలు దూరంగానే ఉంటాయి.

నేను ప్రత్తిపాడు వైపు ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘానికి కాగితాలు, అమ్మకాలు చూస్తాను. మా దగ్గర ఎక్కువగా తేజ రకం మిర్చి, కొంత 334 రకం. ఎగుమతి మేమే చేద్దామని దిగినప్పుడు వాడుకున్న సేవల గురించి రాస్తున్నాను. మీరూ దిగాలనుకుంటే పనికొస్తుంది.

మొదట కాగితాలు. ఐఈసీ అనే ఎగుమతి దిగుమతుల కోడ్ లేకుండా ఏదీ కదలదు. విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర సంస్థ డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్లో పాన్, బ్యాంకు వివరాలు పెట్టి 500 రూపాయల ఫీజు కడితే వస్తుంది, మీ పాన్ నంబరే మీ ఐఈసీ నంబరు. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. గుంటూరులోనూ విజయవాడలోనూ దీనికి వేలకు వేలు అడిగేవాళ్లు ఉన్నారు, ఇవ్వకండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఆ సైట్లోకి వెళ్లి వివరాలు మళ్లీ ధ్రువీకరించాలి, ఏమీ మారకపోయినా సరే, లేకపోతే కోడ్ ఆగిపోతుంది. జీఎస్టీ పోర్టల్లో ఎల్‌యూటీ అని ఒక హామీ పత్రం ఉంటుంది, ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారం. అది ప్రతి ఆర్థిక సంవత్సరానికి కొత్తగా వేస్తే పన్ను ముందు కట్టి రీఫండ్ కోసం ఎదురుచూసే టెన్షన్ ఉండదు. చేతిలో డబ్బు తక్కువుండే మా లాంటి సంఘాలకు ఇది ప్రాణం లాంటిది. మసాలా దినుసులు కాబట్టి స్పైసెస్ బోర్డు దగ్గర ఎగుమతిదారుగా రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి, అదీ ఆన్‌లైనే. ఈ మొత్తానికి నేను 5కి 4 ఇస్తాను. పదిహేనేళ్ల క్రితం ఇదే పని చేసిన వాళ్లను అడిగితే ఎంత మారిందో తెలుస్తుంది. నిజంగా పనిచేసిన సంస్కరణ ఇది, మెచ్చుకోవాలి.

ఇక ల్యాబు. స్పైసెస్ బోర్డు ప్రధాన కార్యాలయం కొచ్చిలో ఉన్నా, నాణ్యత పరీక్షించే ల్యాబు ఒకటి 2010 నుంచి గుంటూరులోనే ఉంది. మనకు దాని విలువ తెలియాలంటే 2003 సంగతి తెలియాలి. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో మన దేశం నుంచి వెళ్లిన మిర్చి సరుకులో సుడాన్-1 అనే రంగు బయటపడింది. పాలిష్‌లకీ మైనానికీ వాడే రంగు అది, తిండిలో వేయకూడదు. ఐరోపా వెంటనే పరీక్ష సర్టిఫికెట్ లేకుండా మిర్చి రానివ్వం అంది. అయినా అంతకుముందే వెళ్లిన కారంపొడి ఒక సాస్‌లో కలిసి, ఆ సాస్ ఇంకెన్నో తయారీల్లో కలిసి, 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో వందల రకాల తిండి సరుకుల్ని దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎవరో కొద్దిమంది రంగు కలిపితే దేశం మొత్తం మీద మచ్చ పడింది. అప్పటి నుంచి మిర్చి ఎగుమతికి సుడాన్ రంగుల పరీక్ష, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పరీక్ష తప్పనిసరి అయ్యాయి. ఆ పరీక్షల కోసం శాంపిల్ ఇంకో రాష్ట్రానికి పంపి కూర్చోకుండా ఊళ్లోనే తేలిపోవడం చిన్న విషయం కాదు. సిబ్బంది మర్యాదగా మాట్లాడారు, రిపోర్టులో ఏ అంకె దేనికో అడిగితే ఓపిగ్గా చెప్పారు. దీనికి 5కి 4న్నర.

అయితే ఆ ల్యాబు ఎంత బాగా పనిచేసినా దాని దగ్గరికి శాంపిల్ చేరేటప్పటికే జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది, నా బాధంతా అక్కడే.

గుంటూరు మిర్చి యార్డులో కాయ ఎలా అమ్ముడుపోతుందో మీకు తెలుసు. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దింపుతాడు, కమీషన్ దుకాణం ముందు మచ్చు చూస్తారు, చేత్తో నలిపి రంగు, పొడవు, తేమ, తాలు (రంగు పోయిన కాయ) ఎంతుందో చూసి ధర పెడతారు. దశాబ్దాల అనుభవం ఉన్నవాళ్లు చూపుతోనే చెప్పేస్తారు, ఆ నైపుణ్యానికి నేను దణ్ణం పెడతాను. కానీ పురుగుమందు అవశేషం కంటికి కనిపించదు. బూజు విషం వేలికి తగలదు. ఎంతోమంది రైతుల కాయ ఒక వ్యాపారి కొని ఒకే లాటుగా కలిపేస్తాడు. అందులో ఒక్క రైతు కోతకు మూడు రోజుల ముందు మందు కొట్టి ఉంటే ఆ లాటు మొత్తం పోయినట్టే, మిగతావాళ్లు ఎంత జాగ్రత్తగా పండించినా లెక్కలోకి రాదు. ఎవరి కాయ వల్ల పోయిందో కూడా తేలదు. తేలకపోతే వచ్చే ఏడాది ఎవరు మారతారు?

రైతుని తప్పుపట్టడానికి రాయడం లేదు ఇది. 2021-22లో నల్లతామర పురుగు వచ్చినప్పుడు పూత పూతంతా రాలిపోతుంటే కళ్లముందే ఎకరాకి పెట్టిన పెట్టుబడి పోతుంటే దుకాణంవాడు ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా కొట్టారు, ఇంకేం చేస్తారు. ట్రైజోఫాస్ లాంటి మందుల వాడకాన్ని మన దేశమే 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. ఆ మాట ఎన్ని ఊళ్లకు సరిగ్గా చేరిందో మందుల దుకాణాల ముందు నిలబడితే అర్థమవుతుంది. పైగా పచ్చికాయ ఎండి బరువు తగ్గేకొద్దీ అవశేషం గాఢత పెరుగుతుంది. ఐరోపాలో ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందుకు సాధారణ హద్దు కిలోకు 0.01 మిల్లీగ్రాములు, ఎండు సరుకుకి తగ్గట్టు లెక్క సర్దుతారు కానీ అదీ చాలా తక్కువే. మన దగ్గర, ఇక్కడ పరిమితి పెట్టని మందులకు మసాలాల్లో 0.1 దాకా అనుమతిస్తూ దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 ఏప్రిల్‌లో ఆదేశం ఇచ్చింది. అంటే ఇక్కడ పాసైన కాయ అక్కడ ఫెయిలయ్యే వీలుంది. రైతుకి ఈ తేడా చెప్పేవాళ్లు ఎవరు?

అఫ్లాటాక్సిన్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. అది ఒకరకం బూజు వదిలే విషం. ఐరోపా హద్దు బీ1 రకానికి కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం కలిపి 10. కల్లంలో నేల మీద ఎండబోసి రాత్రి మంచుకు వదిలేస్తే వస్తుంది. కాయ చిట్లకుండా ఉండాలనో బరువు తూగాలనో నీళ్లు చల్లి టిక్కీ కుట్టేస్తే తప్పకుండా వస్తుంది. మా సంఘంలో పట్టాల మీద ఎండబెట్టడం, సాయంత్రం కప్పడం, నీళ్లు చల్లకపోవడం అనే మూడు మాటలు మొండిగా పట్టుకున్నాం, ఆ రిపోర్టు మాకు బాగానే వచ్చింది. ఖరీదైన యంత్రమేం పెట్టలేదు. అందుకే అంటున్నాను, సమస్య పుట్టే చోట పట్టుకుంటే ఖర్చు కొంచెమే.

ఇది ఎక్కడా చేయనిది కూడా కాదు. నాసిక్, సాంగ్లీ వైపు ద్రాక్ష రైతులకు 2003లో మన లాంటి దెబ్బే తగిలింది, నెదర్లాండ్స్‌లో మందు అవశేషాలు దొరికి సరుకు ఆగింది. వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా వాళ్లు 2006లో గ్రేప్‌నెట్ అని పెట్టారు. ఐరోపాకు వెళ్లే ప్రతి తోటకూ రిజిస్ట్రేషన్ నంబరు, ఏ మందు ఎప్పుడు కొట్టారో నమోదు, కోతకు ముందే ల్యాబు వాళ్లు తోటలోంచి శాంపిల్ తీసుకెళ్లడం, పాసైతేనే ఎగుమతి ప్యాకింగుకు వెళ్లడం. ఫెయిలైన తోట ద్రాక్ష దేశంలో ఎక్కడో అమ్ముకుంటారు, పక్క తోట రైతుకి నష్టం రాదు. అంత దూరం ఎందుకు, మన భీమవరం వైపు రొయ్యలే చూడండి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా దగ్గర చెరువు నమోదు ఉంటుంది, ఐరోపాకు పంపే సరుకైతే పట్టుబడికి ముందే యాంటీబయాటిక్ పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకుంటారు. రొయ్యల చెరువుకు పేరూ నంబరూ ఉన్నాయి. మన దేశం 2023-24లో సుమారు 6 లక్షల టన్నులు, 12 వేల కోట్ల రూపాయలకు పైగా ఎగుమతి చేసిన మిర్చికి, మసాలా ఎగుమతుల్లో అతి పెద్ద సరుకుకి, అలాంటి నంబరు లేదు.

కొత్తగా వ్యవస్థ కట్టక్కర్లేదు. ఈ-క్రాప్‌లో మన రాష్ట్రం ఇప్పటికే ఏ సర్వే నంబరులో ఏ రైతు ఏ పంట వేశాడో రాసుకుంటోంది. రైతు సేవా కేంద్రం ఊళ్లోనే ఉంది. ఆ నమోదుకు మందుల పుస్తకం ఒకటి జోడించి, కోతకు ముందు ఊరికి కొన్ని శాంపిళ్లు తీసి, పాసైన చేల కాయకు టిక్కీ మీద గుర్తు వేసి, యార్డులో దానికి వేరే ప్లాట్‌ఫాం ఇస్తే చాలు. కొనేవాడు ఎగబడి కొంటాడు. అవశేషాల పరీక్షకు ఒక్కో శాంపిల్‌కు వేలల్లో అవుతుంది, ఎకరం రెండెకరాల రైతు పెట్టుకోలేడు, నిజమే. యార్డులో ప్రతి అమ్మకం మీదా మార్కెట్ సెస్సు వసూలు చేస్తున్నారు కదా, అందులోంచి పెట్టమనండి. రైతు డబ్బే, రైతు కాయ విలువ పెంచడానికి. ఇంకోటి, పాసైన కాయకు ధర ఎక్కువ రాకపోతే ఎవరూ ఈ శ్రమ పడరు. ఐటీసీ లాంటి పెద్ద కంపెనీలు తమ రైతుల చేత సస్యరక్షణ పద్ధతులు పాటింపజేసి నేరుగా కొనుక్కుంటున్నాయి, అంటే ఇది ఇక్కడ సాధ్యమేనని తేలిపోయింది. పెద్ద కంపెనీతో ఒప్పందం లేని రైతుకీ ఆ దారి ఉండాలి, నేను అడిగేది అంతే.

ఇప్పుడు ఏజెంట్ల సంగతి. పోర్టులో కస్టమ్స్ పని చేసిపెట్టడానికి మేము పెట్టుకున్న క్లియరింగ్ ఏజెంటు పేరు రాయను. మొదట చెప్పిన రేటు తక్కువ. తర్వాత డాక్యుమెంటేషన్ అని ఒకటి, హ్యాండ్లింగ్ అని ఒకటి, పోర్టులో టెర్మినల్ ఛార్జీ అని ఒకటి వస్తూనే ఉన్నాయి. చెన్నై నుంచి పంపాలా వేరే పోర్టు నుంచి పంపాలా అంటే ఎక్కడ ఓడ తొందరగా దొరుకుతుందో, ఎక్కడ ఎంత పడుతుందో పోల్చి చెప్పమన్నాం, కాగితం మీద ఎప్పుడూ ఇవ్వలేదు. అవన్నీ భరించగలిగినవే. నాకు కోపం తెప్పించింది వేరు. పరీక్షకు శాంపిల్ తీసే సమయం వచ్చినప్పుడు, మంచి కాయ ఏరి పెట్టిన టిక్కీలు ముందు వరసలో పేర్చుకోమని సలహా ఇచ్చాడు, అందరూ చేసేదే అన్నట్టు. మేము ఒప్పుకోలేదు. అలా పాసైన సరుకు అవతలి పోర్టులో పట్టుబడితే కంటైనర్ తిరిగొస్తుంది, లేదా అక్కడే తగలబెడతారు, తర్వాత పోయే మన జిల్లా సరుకు మొత్తాన్ని ఎక్కువసార్లు ఆపి చూస్తారు. 2024 ఏప్రిల్‌లో సింగపూర్, హాంగ్‌కాంగ్‌లలో మన మసాలాల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అనే క్రిమిసంహారక రసాయనం దొరికిందని గొడవైనప్పుడు ఏం జరిగిందో చూశాం కదా, ఆ రెండు చోట్లకూ పంపే సరుకుకి ఆ పరీక్ష తప్పనిసరి చేశారు, ఏ తప్పూ చేయని వాళ్లు కూడా ఖర్చు పెట్టుకున్నారు. ఆ ఏజెంటుకు 5కి 1. ఎవరిని పెట్టుకున్నా అన్ని ఛార్జీలూ కలిపిన రేటు ముందే రాతలో తీసుకోండి, శాంపిల్ తీసేటప్పుడు మీ మనిషి దగ్గరుండాలి.

కోల్డ్ స్టోరేజీ గురించి ఎక్కువ రాయను. మేము పెట్టిన చోట రంగు బాగా నిలిచింది, హమాలీలు జాగ్రత్తగా దించారు. పాసైన లాటునీ పరీక్ష కాని లాటునీ పక్కపక్కనే పేర్చారు, వేరుగా పెట్టమంటే చోటు లేదన్నారు. యడ్లపాడు మండలం వంకాయలపాడు దగ్గర స్పైసెస్ పార్కు ఉంది, అలాంటి చోట చిన్న సంఘాలకు వేరు గది, అద్దెకు ఇచ్చినా సరే, దొరికితే ఎంతో మేలు. తొడిమలు తీసే షెడ్డు మాత్రం మాకు నచ్చింది, అక్కడ పనిచేసే ఆడవాళ్లకు మాస్కులు, గ్లౌజులు ఇస్తున్నారు. ఘాటు మధ్య రోజంతా కూర్చుని చేసే పని అది, మీరు ఎక్కడ తీయించినా ఈ ఒక్కటి చూసి ఇవ్వండి. కొనే విదేశీ కంపెనీలు కూడా ఇప్పుడు దీని గురించి అడుగుతున్నాయి.

విధానం మీద నమ్మకం అనే దానికి నేనిచ్చేది 5కి 2. 2018 డిసెంబరులో వ్యవసాయ ఎగుమతి విధానం అని తెచ్చారు, 2022 కల్లా ఎగుమతులు 30 బిలియన్ డాలర్ల నుంచి 60 బిలియన్లకు రెట్టింపు చేస్తామన్నారు, స్థిరమైన విధానం ఉంటుందన్నారు. 2023 జులై 20న బాసుమతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఒక్కసారిగా ఆపేశారు. కాకినాడ పోర్టు మీద బతికే మిల్లుల వాళ్లని అడగండి ఆ రోజు ఎలా గడిచిందో. 2024 సెప్టెంబరు 28న మళ్లీ తెరిచారు, అదీ కనీస ధర షరతుతో, ఆ షరతు అక్టోబరులో తీశారు. దేశంలో ధరలు పెరిగితే జనం గురించి ఆలోచించాలి, అది నేను కాదనను. కానీ అర్ధరాత్రి తాళం వేస్తే ఏళ్ల తరబడి మన బియ్యం కొన్నవాడు వియత్నాం, థాయిలాండ్ వెతుక్కుంటాడు, తర్వాత ఇటు రావడానికి ఆలోచిస్తాడు. ఆపాల్సి వస్తే ముందుగా చెప్పి, ఒప్పందాలు అయిపోయిన సరుకు వదిలి, పన్ను రూపంలో మెల్లగా తగ్గించే పద్ధతి ఉండాలి. మిర్చి మీద అలాంటి నిషేధం రాలేదు, రాదనే అనుకుందాం. మా మీద పడింది వేరేది. చిన్న ఎగుమతిదారులకు బ్యాంకు వడ్డీలో రాయితీ ఇచ్చే పథకం 2024 డిసెంబరు 31తో ఆగిపోయింది. దాని స్థానంలోకి వచ్చే ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ మిషన్‌ను కేంద్ర కేబినెట్ ఆమోదించేసరికి 2025 నవంబరు వచ్చింది. మధ్యలో ఒక మిర్చి సీజను మొత్తం మామూలు వడ్డీ మీదే గడిచిపోయింది.

ఆ సీజను ఎలాంటిదో కూడా గుర్తుచేసుకోండి. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి యార్డు ముందు రైతులు కన్నీళ్లు పెట్టుకున్నారు, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు లెక్కగట్టి 2.54 లక్షల టన్నుల వరకు తేడా భరిస్తామంది. ఆ సాయం కావాల్సిందే. కానీ ఏటా ఇదే చేయలేం కదా. మన తేజ కాయకు చైనా పెద్ద కొనుగోలుదారు, వాళ్లు నెమ్మదిస్తే గుంటూరు నెమ్మదిస్తుంది. ఐరోపా, జపాన్ లాంటి చోట్ల తలుపు తెరుచుకుంటే ఒక్క దేశం మీద ఆధారపడే భయం తగ్గుతుంది, ఆ తలుపు తెరిచేది ఆ చేను పరీక్ష ఒక్కటే. ధర పడ్డాక ఇచ్చే డబ్బులో కొంత భాగం ధర పడకముందు ఆ పరీక్షల మీద పెడితే మిగిలేదే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ ఏడాది మొదలుపెట్టాలనుకునే సంఘాలకు నా సలహా ఒక్కటే. విదేశీ కొనుగోలుదారుణ్ని వెతకడం కంటే ముందు మీ రైతుల్లో మాట వినే వాళ్లను ఒక ఇరవై మందిని ఎంచుకోండి, వాళ్ల చేత మందుల పుస్తకం రాయించండి, చివరి పిచికారీకి కోతకు మధ్య డబ్బా మీద రాసినన్ని రోజులు వదలమనండి, ఏ మందు మంచిదో గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారం శాస్త్రవేత్తలను అడగండి, 334 రకాన్ని ఇచ్చిన చోటే అది, అడిగితే చెబుతారు. వాళ్ల కాయను యార్డులో కలవనివ్వకుండా నేరుగా మీ గోదాముకు తెచ్చుకోండి. ఏ దేశానికి పంపాలనుకుంటే ఆ దేశం హద్దులకు తగ్గట్టు ముందే సొంత ఖర్చుతో గుర్తింపు ఉన్న ల్యాబులో ఒక శాంపిల్ చూపించుకోండి, అది పాసైతేనే ఓడ మాట్లాడండి. స్పైసెస్ బోర్డు గుంటూరు ఆఫీసుకు డిసెంబరులోనే వెళ్లి రిజిస్ట్రేషన్, పరీక్షల ఫీజులు కనుక్కోండి. ఫిబ్రవరి వచ్చి కల్లాలు నిండాక రైతుకీ తీరిక ఉండదు, ల్యాబులో మీ ముందు శాంపిళ్ల వరస కూడా పెరిగిపోతుంది.